జుట్టు ఆరేదాకా ఒక గంట: పుట్టినరోజున తీరిగ్గా చదువుకోవాలంటే

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆగస్టు మొదటివారంలో మీకు 50 నిండుతాయి. పిల్లలు హైదరాబాదు నుంచి వచ్చి సాయంత్రం కేకు కోయిస్తామంటున్నారు. అత్తగారేమో గుడికి వెళ్లాలి, భోజనాలు ఇంట్లోనే పెట్టాలి అంటున్నారు. అమలాపురం, ముమ్మిడివరం వైపు నుంచి చుట్టాలు ఓ ఇరవై మంది రావచ్చు. మీకు మాత్రం ఆ రోజు ఒక పుస్తకం పట్టుకుని తీరిగ్గా కూర్చోవాలని ఉంది. పెళ్లయ్యాక అలా కూర్చున్న గుర్తే లేదన్నారు. "ఇంటినిండా జనం ఉండగా చదువుకుంటే తప్పుగా అనుకుంటారా? ఏం చదవాలి? ఈ మధ్య నాలుగు పేజీలు కూడా నిలకడగా చదవలేకపోతున్నాను" అని అడిగారు.

నేను కోనసీమలో 31 ఏళ్లు శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి 2018లో రిటైరయ్యాను. చదవాలన్న కోరిక ఉండీ తీరిక దొరకని ఆడవాళ్లను ఆ బల్ల ఇవతల కూర్చుని చాలామందిని చూశాను. పుస్తకం తీసుకెళ్లి, గడువు దాటాక ఒక్క పేజీ తిప్పకుండానే తెచ్చి ఇచ్చేవారు. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగానే రాస్తాను.

తప్పు కాదు. అయితే చాటుగా మాత్రం చదవకండి. తలనొప్పి అని చెప్పి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే ఐదు నిమిషాలకొకరు మాత్ర తెచ్చిస్తారు. మీకూ మనసు పుస్తకం మీద నిలవదు. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఖాళీ దానంతటది దొరకదు, నోరు తెరిచి అడగాలి. పుట్టినరోజుకి ఏం కావాలని ఇంట్లో ఎలాగూ అడుగుతారు. చీర వద్దు, రెండు గంటలు కావాలని చెప్పండి. ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకానో కూడా చెప్పండి. గంటలు చెప్పకుండా ఊరికే "కాసేపు చదువుకుంటాను" అంటే ఆ కాసేపు ఎవరి లెక్క వాళ్లకుంటుంది.

ముందు చెప్పాల్సింది అత్తగారికి. కనీసం వారం ముందు, ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు. "అత్తయ్యగారండీ, ఈసారి నాకేమీ కొనొద్దండి. పొద్దున్న తలంటయ్యాక తొమ్మిదింటి దాకా వసారాలో కూర్చుని చదువుకోవాలని ఉందండి. తర్వాత మీతో గుడికి వస్తాను. నన్ను ఎవరూ పిలవకుండా మీరే చూడాలి" అనండి. ఆఖరి మాట ముఖ్యం. కాపలా ఆవిడ చేతికిచ్చాక ఇంక అభ్యంతరం చెప్పేవాళ్లు ఉండరు. ఇది నేను మా ఇంట్లోనే చూశాను.

మాది లంక గ్రామం. మా అమ్మ పుట్టినరోజు తిథి ప్రకారం చేసేవాళ్లం, అది వానల్లోనే వచ్చేది. నువ్వులనూనె అంటి, సున్నిపిండితో నలుగుపెట్టి, కుంకుడురసంతో తలంటు పోసేది నాయనమ్మ. తర్వాత సాంబ్రాణి పొగ. అమ్మ జుట్టు చాలా పెద్దది. వానాకాలం ఆరడానికి గంట పైనే పట్టేది. పెరటి వసారాలో నులకమంచం మీద కూర్చుని, జుట్టు వెనక్కి ఆరబోసుకుని, వారపత్రికో నవలో చేతిలోకి తీసుకునేది. తడిజుట్టు ముడేస్తే జలుబు చేస్తుంది, తడితలతో పొయ్యి దగ్గరికి రాకూడదు అని ఇంట్లో నియమం. మేం అమ్మను పిలవబోతే నాయనమ్మే అడ్డుపడేది. "జుట్టు ఆరలేదర్రా, ఉండండి" అనేది. ఏడాదిలో అమ్మ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా చదువుకున్న గంటలు అవే. నాయనమ్మకు అక్షరం రాదు. అయినా ఆ గంటను కాపాడింది ఆవిడే.

మీరూ ఆ రోజు షాంపూ, డ్రయ్యర్ పక్కన పెట్టండి. అత్తగారి చేత తలంటు పోయించుకోండి. ఐదున్నరకు లేస్తే ఏడింటికల్లా వసారాలో ఉండొచ్చు. అక్కణ్ణించి తొమ్మిది దాకా మీదే. ఒక జాగ్రత్త: నూనె తలంటుకి నిద్ర ముంచుకొస్తుంది. అందుకని టిఫిను తేలిగ్గా, రెండు ఇడ్లీలతో ఆపండి. పుట్టినరోజు కదా అని పెసరట్టు ఉప్మా తింటే కళ్లు మూతలు పడతాయి. అది పదింటికి, గుడి నుంచి వచ్చాక తినండి.

మధ్యాహ్నం భోజనం తర్వాత చదువుతాననుకోవద్దు. ఎవరివల్లా కాదు. మళ్లీ మూడున్నర నుంచి ఐదు దాకా ఇంకో విడత పెట్టుకోవచ్చు, చుట్టాలు కునుకు తీసే వేళ అది. రోజంతా చదవాలని మాత్రం అనుకోకండి. నేను విళంబి నామ సంవత్సరంలో పుట్టాను, 2018లో మళ్లీ విళంబి వచ్చింది, షష్టిపూర్తి పీటల మీద కాకుండా పుస్తకాలతో గడుపుతానని పట్టుబట్టాను. ఏడు పుస్తకాలు తీసి పెట్టుకున్నాను. పొద్దుట నుంచి ఒకదాని తర్వాత ఒకటి తెరిచాను, ఫోన్లు, గుమ్మంలో చుట్టాలు, దేనిలోనూ పదో పేజీ దాటలేదు. సాయంత్రానికి చదివిందీ లేదు, చుట్టాలతో మాట్లాడిందీ లేదు. మా ఆవిడ బాధపడింది, నేనూ బాధపడ్డాను. మరుసటి ఏడు నుంచి ఒకే పుస్తకం, రెండు విడతలు. అప్పటినుంచి ఆ రోజు కోసం ఎదురుచూస్తున్నాను.

ఇంకో సంగతి మీకు బాగా పనికొస్తుంది. మనకు పుట్టినరోజులు రెండు. ఇంగ్లీషు తేదీ ఒకటి, తిథి ఒకటి. పన్నెండు చాంద్రమాన మాసాలు కలిపితే సుమారు 354 రోజులే, అంటే ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతూ, అధికమాసం వచ్చిన ఏడు మళ్లీ ముందుకొస్తుంది. ఈ రెండూ దాదాపు కలిసేది 19 ఏళ్లకోసారి. మీ 19వ పుట్టినరోజునాడో, 38వ నాడో కలిసే ఉంటాయి, చూసుకోండి. మళ్లీ 57కి కలుస్తాయి. ఇప్పుడు 50కి మాత్రం సుమారు రెండు వారాల తేడా ఉంటుంది. పంచాంగం చూసి తిథి ఏ రోజో తెలుసుకోండి. చుట్టాలు, కేకు, ఫొటోలు తేదీనాడు. తిథినాడు పొద్దున్నే గుడికి వెళ్లొచ్చి పరమాన్నం వండుకున్నాక ఇల్లు ఖాళీగానే ఉంటుంది. ఎక్కువసేపు చదవాలంటే ఆ రోజు పెట్టుకోండి. అలాగని తేదీనాటి రెండు విడతలు వదులుకోవద్దు. జనం మధ్య మీరు పుస్తకం పట్టుకుని కూర్చోవడం మీ పిల్లలు చూడాలని నాకుంది.

వంట సంగతి. భోజనాలు బయటి నుంచి తెప్పించుకోగలిగితే హాయి. అత్తగారు ఒప్పుకోకపోతే వంటకాలు ఎంచుకోవడంలో ఉంది కిటుకు. గారెలు, బూరెలు, పూరీలు పెట్టుకుంటే ఒక మనిషి మూకుడు ముందు నిలబడిపోవాలి, ఆ మనిషి చివరికి మీరే అవుతారు. దబ్బకాయ పులిహోర, ముద్దపప్పు, కందా బచ్చలి కూర, పరమాన్నం అయితే మీరు లేకపోయినా నడుస్తాయి. కంద ముందురోజు రాత్రే తరిగించి పెట్టండి. గారెలు లేకపోతే పుట్టినరోజేమిటి అనేవాళ్లుంటే మీవారినీ అబ్బాయినీ వేయమనండి. తీపికి ఆత్రేయపురం పూతరేకులూ, తాపేశ్వరం కాజాలూ తెప్పిస్తే సరిపోతుంది. గ్రంథాలయంవాణ్ణి కాబట్టి ఇంకో మాట: పూతరేకు తింటూ పుస్తకం పట్టుకోకండి. పంచదార పొడి కుట్టు లోపలికి జారుతుంది, దానికి చీమలు పడతాయి. నెయ్యి మరక ఇంక పోదు. చదువుతూ ఏదైనా నోట్లో వేసుకోవాలంటే వేయించిన వేరుశనగ గింజలు మేలు.

ఫోను మీ అమ్మాయి చేతికివ్వండి. "అమ్మ చదువుకుంటోందండి, పదకొండింటికి చేస్తుంది" అని చెప్పమనండి. ఆ మాట వినగానే అవతలివాళ్లు కోప్పడరు, ఏం పుస్తకం అని అడుగుతారు. వాట్సాప్‌లో వచ్చిన శుభాకాంక్షలన్నిటికీ సాయంత్రం ఒకేసారి జవాబివ్వచ్చు.

ఇక మీరు ఎక్కువ బెంగపడ్డ విషయం, నిలకడ. నాలుగు పేజీలు కూడా సాగడం లేదన్నారు. చదివే శక్తి ఎక్కడికీ పోలేదమ్మా, అలవాటు తప్పింది. దానికి కారణం చాలాసార్లు కళ్లే. చత్వారం అనే మాట పుట్టిందే నలభై అనే అర్థమున్న సంస్కృత పదంలోంచి. నలభై దాటాక కంట్లోని కటకం బిగుసుకుని దగ్గరి అక్షరం మీద చూపు సరిగా కుదరదు. పుస్తకం దూరంగా జరిపి చదువుతున్నారా? సాయంత్రం వేళ నుదురు లాగుతోందా? అయితే పుట్టినరోజుకి నెల ముందే కళ్లు పరీక్ష చేయించుకోండి. ఏకాగ్రత పోయిందని నా దగ్గర వాపోయిన పాఠకుల్లో చాలామందికి కళ్లజోడు మార్చాక సమస్య తీరిపోయింది. దుకాణంలో పెట్టి చూసుకుని కొనే రెడీమేడ్ అద్దాలతో సరిపెట్టుకోకండి, రెండు కళ్ల చూపూ ఒకేలా ఉండదు చాలామందికి.

అలవాటు కోసం మూడు వారాల ముందు నుంచి రోజూ పావుగంట చదవండి. పడుకోబోయే ముందు కాదు, పొద్దున కాఫీ వేళ. ఆ రోజు చదవబోయే పుస్తకాన్నే ముందుగా మొదలుపెట్టి ముప్పై నలభై పేజీలు చదివి, కథ రసపట్టులో ఉండగా ఆపేయండి. ఏ నవలకైనా మొదటి పేజీలే బరువు. పేర్లు, బంధుత్వాలు, ఊరు గుర్తుపెట్టుకోవాలి. ఇంటినిండా చప్పుళ్లుండే రోజున ఆ బరువు ఎత్తుకోకూడదు. ఆపిన చోట తాటాకు ముక్క పెట్టి ఉంచితే, తలంటు రోజున తెరవగానే లోపలికి వెళ్లిపోతారు.

పేజీల లెక్క పెట్టుకోవద్దు. నిదానంగా చదివితే పేజీకి రెండు నిమిషాలు పడుతుంది, రెండు గంటలంటే అరవై పేజీలు. అదే చాలా ఎక్కువ. 1935లో కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. మన కాలువల మీదా అప్పట్లో పడవ ప్రయాణాలే. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ నడకంత వేగంతో సాగేది. లాకు దగ్గర ఆగితే ఆగినట్టే. మా తాతగారు అలాంటి ప్రయాణాల్లో చదివిన పుస్తకాలు డెబ్బై ఏళ్లు దాటాక కూడా వాక్యాలతో సహా చెప్పేవారు. మీరు చదవాల్సింది ఆ వేగంతో.

ఏం చదవాలన్నారు. నా సలహా, ఒకప్పుడు మీకు బాగా నచ్చినదాన్నే మళ్లీ చదవండి. పెళ్లికి ముందు చదివిన నవల ఏదో ఒకటి మనసులో ఉండే ఉంటుంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో లెక్కల మాస్టారొకరు ఉండేవారు. ఏటా పుట్టినరోజునాడు తలంటు పోసుకుని, కొత్త పంచెతో ఎనిమిదింటికి గ్రంథాలయం తలుపు తీసేసరికి వచ్చి కూర్చునేవారు. పదకొండింటికి మూసేటప్పుడు వెళ్లి, నాలుగింటికి మళ్లీ వచ్చేవారు. ఏటా ఒకటే పుస్తకం. నేనున్న తొమ్మిదేళ్లూ చూశాను. కొత్తవి వచ్చాయి మాస్టారూ అంటే, "ఇది చదివితే పోయినేటికీ ఇప్పటికీ నాలో ఏం మారిందో తెలుస్తుంది" అన్నారు ఒకసారి. మూడో ఏడో నాలుగో ఏడో, ఆయన భార్య క్యారేజీలో పులిహోర పట్టుకొచ్చారు. మరుసటేడు ఆవిడా వచ్చి పత్రికలు తిరగేస్తూ కూర్చున్నారు. ఆ పుస్తకం వెనక అంటించిన చీటీ మీద గడువు తేదీలన్నీ ఏటా ఒకే వారానివి.

కొత్తది చదవాలనే ఉంటే కథల సంపుటి తీసుకోండి. ఒక కథ అరగంటలో అయిపోతుంది, మధ్యలో ఎవరు పిలిచినా తెగిపోయిన బాధ ఉండదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1891లో పొలమూరులో పుట్టిన మన మనిషి. ఆయన కథల్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తీరు వింటే మీకు మీ అమ్మమ్మగారి ఇల్లు గుర్తొస్తుంది. జబ్బులూ చావులూ నిండిన పెద్ద నవలలు ఇంకోరోజుకి ఉంచండి. అవి మంచివి కాక కాదు. ఏడుపు తన్నుకొచ్చే వేళకి ఎవరో వచ్చి అక్షింతలు వేస్తారు, అప్పుడు రెంటికీ న్యాయం జరగదు.

పుస్తకం ఇంట్లో లేకపోతే ముందే శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి. డిపాజిట్ కట్టి సభ్యులైతే ఇంటికి తెచ్చుకోవచ్చు. పాత ముద్రణ కావాలంటే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది. 1898 నాటిది, అటు వెళ్లే పనున్నప్పుడు ఒక పూట కేటాయించుకోవాల్సిన చోటు. ఇంట్లో అటక మీది పాత పుస్తకమైతే వారం ముందే కిందకి దించండి. మన దగ్గర చెమ్మకి బూజు వాసన పట్టేసి ఉంటుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, పేజీలు విచ్చి, గాలి ఆడేచోట నీడపట్టున రెండు రోజులు నిలబెట్టండి. ఎండలో పెడితే కాగితం పెళుసెక్కి విరిగిపోతుంది.

కూర్చునే చోటు కూడా ముందే చూసుకోండి. వీధి అరుగు వద్దు, దారినపోయే ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పాలి. పెరటి వసారా మంచిది. వెలుతురు ఎడమపక్క నుంచి, కాస్త వెనగ్గా పడేటట్టు కుర్చీ వేసుకోండి. తోటలో కూర్చోవాలని ఉంటే సపోటా కిందో మామిడి కిందో కూర్చోండి, కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు. ఆగస్టు గాలివానకి ఎండుమట్టలు చెప్పకుండా పడతాయి. కాలువగట్టు చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ రోజుల్లో తడి, చీమలు. ఐదున్నర దాటితే ఎక్కడైనా దోమలే, అప్పటికి లోపలికి వచ్చేయండి.

సాయంత్రం కేకు కోసే ముందు మీవాళ్లతో పావుగంట పైకి చదివించండి. ఇది మీరు అడగలేదు, నా అంతట నేను చెబుతున్నాను. అత్తగారికి చూపు ఆనడం లేదని రాశారు. ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారికి చిన్నప్పటి నుంచీ రేచీకటి, తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఆయన చెబుతుంటే పక్కనున్నవాళ్లు రాసేవారు. చూపు పోయినవాళ్లకి పుస్తకం పోనక్కర్లేదు, పక్కన ఒక గొంతు ఉంటే చాలు. పొద్దున మీరు చదివిన కథలోంచే రెండు పేజీలు తీసి, ఒక పేజీ అబ్బాయినీ ఒక పేజీ అమ్మాయినీ చదవమనండి. హైదరాబాదులో పెరిగే పిల్లలకి మన యాస పలకడం మొదట తడబాటుగా ఉంటుంది. అత్తగారు సరిదిద్దుతారు. చిన్నపిల్లలుంటే ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగు తీసుకోండి. అది పిల్లవాడే చెబుతున్నట్టు రాసింది కాబట్టి పైకి చదివితే ఇంకా బాగుంటుంది. పొద్దున మీరు ఒంటరిగా కూర్చున్న రెండు గంటలు ఎందుకో అప్పుడు అందరికీ తెలుస్తుంది, వచ్చే ఏడు మీరు అడగక్కర్లేదు.

చుట్టాలు ఏం తీసుకురావాలని అడిగితే, వాళ్లు చదివి ఇష్టపడ్డ పుస్తకం, పాతదైనా సరే, తెమ్మనండి. మొదటి పేజీలో పేరు, తేదీ, ఊరు రాసి ఇమ్మనండి. 50 నిండిన ఏడు వచ్చిన పుస్తకాలు ఒక వరసలో పెట్టుకుంటే వచ్చే పుట్టినరోజుకి ఎంచుకోవడానికి అవే ఉంటాయి.

చివర్న "ఇంతా చేసి, చదవకుండా నిద్రపోతేనో" అని రాశారు. నిద్రొస్తే పడుకోండి. యాభై ఏళ్ల మనిషి పుట్టినరోజున, ఎవరూ పిలవని చోట, వాన చప్పుడు వింటూ పుస్తకం మీద కళ్లు మూసుకుంటే అది కూడా మీరు అడిగి తీసుకున్న గంటలోదే. తాటాకు ముక్క పేజీలో పెట్టి, కొత్త కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టుకుని మరీ పడుకోండి. పక్కమీద వదిలేస్తే నలిగిపోతుంది.